అప్‌డేట్ తర్వాత క్రూయిజ్ ఊరికే బ్రేక్ వేస్తుంటే
కారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి ముందు బండేమీ లేకపోయినా అడాప్టివ్ క్రూయిజ్ (ముందు బండిని బట్టి వేగాన్ని తానే సర్దుకునే సదుపాయం) బ్రేక్ వేస్తోందన్నారు కదా, టెన్షన్ పడకండి. ముందుగా సెట్టింగులు చూడండి, ముందు బండికి ఉంచే దూరం, రీజెన్ (యాక్సిలరేటర్ వదిలితే కారు నెమ్మదిస్తూ బ్యాటరీని ఛార్జ్ చేసుకోవడం) స్థాయి అప్‌డేట్‌తో ఒక్కోసారి మారిపోతాయి, నా కారులో అదే జరిగింది. తర్వాత కారు ముందు అద్దం మీద కెమెరా ఎదురుగా ఉండే భాగాన్నీ, బంపర్‌లో రాడార్ ఉన్న చోటునీ మెత్తటి గుడ్డతో తుడిచి స్క్రీన్ రీస్టార్ట్ చేయండి. కొన్ని కార్లలో కెమెరా మళ్లీ కాలిబ్రేట్ కావాలంటే, అంటే తన చూపును సరిగ్గా సర్దుకోవాలంటే, గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద కొంత దూరం నడపాలి కూడా. అప్పటికీ తగ్గకపోతే బ్రేక్ పడిన తేదీ, టైము, చోటు రాసుకుని సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి, కారు నమోదు చేసుకునే లాగ్‌లో వెతకడం వాళ్లకు తేలికవుతుంది, రాడార్ అలైన్‌మెంట్ (సరైన దిశలో ఉందో లేదో) కూడా చూడమనండి. అంతవరకు వెనక బండ్లు దగ్గరగా వస్తున్నప్పుడు మాత్రం క్రూయిజ్ వాడకండి, దయచేసి.