కొనేవాళ్ల సేల్స్ టాక్స్ మీద కూడా మన దగ్గర ఫీజు కోస్తారా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో ఈబే, ఎట్సీ లాంటి ఆన్‌లైన్ సైట్లలో మనం అమ్మినప్పుడు కొనేవాళ్లు కట్టే సేల్స్ టాక్స్ మన చేతికి రాదు, సైటువాళ్లే వసూలు చేసి రాష్ట్రానికి కట్టేస్తారు, అలాంటప్పుడు ఆ డబ్బు మీద కూడా మన దగ్గర కమీషన్ ఎలా తీసుకుంటారు అని. తీసుకుంటారండీ. అన్ని సైట్లూ కాదు, కొన్ని.

నాకూ ఇది ఆలస్యంగానే తెలిసింది. ఒకే రకం పాత కెమెరా లెన్సులు రెండు అమ్మాను, రెండూ 200 డాలర్లకే, షిప్పింగ్ 15. మొదటిది ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వెళ్లింది, రెండోది సియాటిల్. కమీషన్ 13 శాతం, దానిపైన ఆర్డర్‌కి 40 సెంట్లు. మొదటిదానికి 28.35 కోశారు, రెండోదానికి 31.15. సైటువాళ్లు పొరపాటు చేశారేమోనని ఒక సాయంత్రమంతా ఎక్సెల్ షీట్ ముందేసుకుని కూర్చున్నా, చివరికి ఆర్డర్ వివరాల్లో అడుగున టాక్స్ 21.50 అన్న లైను చూసేదాకా విషయం బుర్రకెక్కలేదు. ఒరెగాన్‌లో సేల్స్ టాక్సే లేదు, సియాటిల్‌లో 10 శాతం పైమాటే (లెక్క సులువని ఇక్కడ 10 అనే వేసుకున్నా). సైటు 13 శాతాన్ని 215 మీద కాకుండా టాక్స్ కలిపిన 236.50 మీద వేసింది. తేడా 2.80. చిన్న మొత్తమే, కానీ తక్కువ మార్జిన్ మీద నెలకి వంద ఆర్డర్లు పంపేవాళ్లకి అది చిన్నదేం కాదు.

అసలు ఈ గొడవంతా 2018లో వేఫెయిర్ అనే ఆన్‌లైన్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ముదిరింది. తమ రాష్ట్రంలో ఆఫీసో గోడౌనో లేని అమ్మకందారు చేతా టాక్స్ వసూలు చేయించొచ్చని కోర్టు చెప్పింది. ఆ వెంటనే రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి చట్టాలు చేసి ఆ పనిని మార్కెట్‌ప్లేస్‌ల, అంటే ఇలాంటి అమ్మకాల సైట్ల నెత్తిన పెట్టాయి. నిజం చెప్పాలంటే మనకది మేలే, రాష్ట్రానికో రిటర్న్ వేసుకుంటూ కూర్చోవాల్సి వస్తే నాలాంటివాడు ఎప్పుడో దుకాణం సర్దేసేవాడు.

టాక్స్ మీద కూడా ఫీజు వేయడానికి సైటువాళ్లు చెప్పే కారణం, కార్డు చార్జీలు మొత్తం బిల్లు మీద పడతాయి అని. అది నిజమే, కానీ కార్డు ఖర్చు మహా అయితే 3 శాతం, మరి 13 శాతం ఎందుకు? నాకైతే ఆ వాదన సగమే నిలబడుతుందనిపిస్తుంది. ఎట్సీ పద్ధతి చూడండి: అమెరికా అమ్మకందారులకి 6.5 శాతం ట్రాన్సాక్షన్ ఫీజు (అంటే కమీషన్) లెక్కలో సేల్స్ టాక్స్ కలపరు, 3 శాతం ప్లస్ 25 సెంట్ల పేమెంట్ ఫీజు మాత్రం టాక్స్‌తో కలిపిన మొత్తం మీద వేస్తారు. అమెజాన్ కమీషన్, అంటే రెఫరల్ ఫీజు లెక్కలోకి కూడా సేల్స్ టాక్స్ రాదు. ఈబేలో మాత్రం కమీషన్ (దాన్ని ఫైనల్ వాల్యూ ఫీజు అంటారు) షిప్పింగ్, టాక్స్ అన్నీ కలిపిన మొత్తం మీద. అంచేత రేటు ఎంత అన్నదొక్కటే చూడకండి, అది దేని మీద వేస్తున్నారో కూడా చూడండి.

కొనేవాళ్లు ఏ రాష్ట్రం నుంచి వస్తారో మనం ఎంచుకోలేం కాబట్టి నేను చేసేది ఒకటే. ధర పెట్టేటప్పుడు 13 బదులు 14 శాతం వేసుకుంటా. టాక్స్ 8 శాతం ఉంటే 13 కాస్తా 14.04 అవుతుంది, అక్కడికి సరిపోతుంది. సియాటిల్ లాంటి ఊరు తగిలితే కాస్త తగ్గుతుంది, పోర్ట్‌లాండ్ తగిలితే కాస్త మిగులుతుంది.

ఇంకోటి, బయ్యర్‌తో బయట డీల్ మాట్లాడుకుని టాక్స్, ఫీజు రెండూ తప్పించుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు, అకౌంట్ పోయే ప్రమాదం ఉంది. ఈ కోసిన ఫీజంతా వ్యాపార ఖర్చే కాబట్టి వ్యాపారంగా అమ్ముతుంటే ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో వ్యాపారం లెక్కలు చూపించే షెడ్యూల్ సి ఫారంలో కమీషన్లు, ఫీజుల లైన్లో చూపించుకోండి. మొదటి ఏడాది నేను బ్యాంకులో పడిన మొత్తాన్నే అమ్మకంగా రాసుకుని, సైటువాళ్లు మన అమ్మకాల మొత్తం చూపిస్తూ పంపే 1099-కె టాక్స్ ఫారం వచ్చాక అందులో అంకె పెద్దదిగా కనిపించి తెగ టెన్షన్ పడ్డాను. ఆ ఫారంలో ఉండేది ఫీజులు కోయకముందు మొత్తం. అందుకే ఇప్పుడు ప్రతి నెలా సైటు ఇచ్చే రిపోర్టు డౌన్‌లోడ్ చేసి, ఫీజుకి విడిగా ఒక కాలమ్ పెట్టుకుంటున్నా.