ముందు ఇంటి కంచం, తర్వాతే పత్తి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి, జహీరాబాద్ దగ్గరి మన చేను నువ్వూ మీ ఆయనా కలిసి చేస్తారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. కానీ ఐదెకరాలూ పత్తేనట! ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు.

భూసార పరీక్ష చేయించు. పాస్‌బుక్కులో విస్తీర్ణం సరిచూసుకో. బోరును నమ్మి అప్పు చేయకు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది మీ నాన్న చేసిన పొరపాటు.

కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు తమ్ముడు చేనంతా పత్తి పెట్టాడు. అంతకుముందు అక్కడ పచ్చజొన్న, నడుమ కంది సాళ్లు, పెసర ఉండేవి. పెసర రెండు నెలలకే ఇల్లు చేరేది. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం తుమ్మికూర, పాయలకూర, చెంచలికూర కొంగున మూటగట్టుకుని వచ్చేవారు. ఎవరూ విత్తని కూర, పైసా ఖర్చులేని కూర. పత్తితో కంది పోయింది. కూలీలు దొరకడం లేదని కలుపుమందు కొట్టించాడు, కూరా పోయింది. పత్తి డబ్బు విత్తనాల బాకీకి, మందుల బాకీకి సరిపోయేది. పప్పు కిరాణా కొట్లో పావుకిలో చొప్పున కొనుక్కున్నారు. ఏఎన్ఎంగా, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తగా, ఆడపిల్లల కనురెప్పలు లాగి చూడటం నాకు అలవాటు. ఒకరోజు నీ రెప్ప లాగి చూస్తే సున్నంలా తెల్లగా ఉంది. రైతు ఇంటి బిడ్డకే రక్తం లేదు! వాడిని నోటికొచ్చినట్లు తిట్టాను. వాడు మారు మాట్లాడలేదు. ఆ రాత్రి నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాడు.

వాడొక్కడినే అనడం న్యాయం కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చి పేదవాడి పొయ్యి వెలిగింది, ఆ మేలు మరువలేనిది. కానీ రేషన్‌లో వచ్చింది బియ్యం, ఊళ్లో కొనుగోలు కేంద్రాలు పెట్టింది ఎక్కువగా వడ్లకు. జొన్న వేసిన రైతుకు కొనే దిక్కు లేకపోయింది. కడుపులు నిండాయి, ఒంటికి రక్తం పట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నేను ఇంటింటికీ తిరిగి ఐరన్ మాత్రలు పంచాను. మాత్ర పని మాత్రదే, పప్పు, ఆకుకూర పని వాటిదే.

అందుకే ఒక ఎకరం ఇంటికి వదులు. పచ్చజొన్న, కంది, పెసర కలిపి వేయి. జొన్నొక్కటే తింటే చాలనుకోకు. పప్పూ పాలూ లేకుండా జొన్న మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా అనే పోషకలోపం జబ్బు వచ్చి, ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలేది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్త గోపాలన్ గారి బృందం దానిపై పరిశోధన చేసింది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ వెళ్లి, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలను కలువు. బీడు భూముల్లో జొన్న పండించి, తమ ఊళ్లలో రేషన్‌గా పంచుకున్నవాళ్లు. విత్తనం వాళ్లనే అడుగు.

నా అసలు భయం ఇంకొకటి. మిగతా నాలుగెకరాల్లో మందు కొడితే, ఆ చేలో కూర ఎవరినీ కోయనివ్వకు. కూలికొచ్చిన తల్లులకు ముందే చెప్పు, మరిచిపోతే నేను ఊరుకోను.

ఊరికి వచ్చేలోపు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో తల్లీ. 12 కన్నా తక్కువుంటే దాచకుండా నాకు ఫోను చెయ్యి.

మీ అత్తయ్య