భుజాన సంచి తేలికవ్వాలంటే

ప్రశ్న: నా వయసు 64. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన నాటి నుంచి పక్షుల ఫొటోలు తీస్తున్నాను. మా కాకినాడ పక్కనే ఉన్న కోరింగతో పాటు కొల్లేరు, ఉప్పలపాడు, నేలపట్టు చాలాసార్లు తిరిగాను. నా దగ్గర నికాన్ డీ500, డీ7200 బాడీలు (లెన్స్ లేని కెమెరాలు), 200-500, 18-140, దగ్గరి వస్తువులు తీసే 105 మైక్రో, 50 ఎంఎం 1.8డీ అనే లెన్స్‌లు, రెండు ట్రైపాడ్‌లు ఉన్నాయి. ఏడాదిగా కుడి భుజం నొప్పి వల్ల పెద్ద లెన్స్ ఎత్తి పట్టుకోలేకపోతున్నాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి అన్నీ అమ్మేసి చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా కొనుక్కోమంటున్నాడు. ఒక దుకాణంలో అడిగితే మొత్తానికి కలిపి ఒక ధర చెప్పారు. అది నాకు చాలా తక్కువ అనిపించింది. ఏది ఉంచుకోవాలి, ఏది అమ్మాలి, ధర ఎలా కట్టాలి?

జవాబు: గంపగుత్త ధరకు ఒప్పుకోవద్దు. దుకాణదారు మిమ్మల్ని మోసం చేస్తున్నారని నా ఉద్దేశం కాదు. కొన్న సరుకు ఎన్ని నెలలు అరలో పడి ఉంటుందో ఆయనకు తెలియదు, అమ్మిన తరువాత ఏదైనా తేడా వస్తే ఆయనే జవాబు చెప్పుకోవాలి, కాబట్టి నేరుగా వాడుకునే మనిషి ఇచ్చే దానికన్నా ఆయన తక్కువే ఇస్తారు. అయితే మొత్తానికి ఒకే ధర కట్టినప్పుడు త్వరగా అమ్ముడుపోయే రెండు మూడు వస్తువులకే వెల వేసి, మిగిలినవాటిని ఉచితం కింద కలుపుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. ఒక్కొక్క వస్తువుకు విడిగా ధర రాసి ఇమ్మని అడగండి.

అమ్మకం కన్నా ముందు, ఏది ఉంచుకోవాలన్నది తేల్చుకోవాలి. అందుకు మనసును కాకుండా మీ ఫొటోలను అడగండి. ప్రతి ఫొటోలోనూ ఏ లెన్స్‌తో, ఎంత ఫోకల్ లెంగ్త్‌తో (దూరాన్ని ఎంత దగ్గరకు లాగారో చెప్పే ఎంఎం అంకెతో) తీశారన్న సమాచారం దాగి ఉంటుంది. లైట్‌రూమ్ వంటి ప్రోగ్రాంలో గత రెండేళ్ల ఫొటోలను లెన్స్ వారీగా వడకట్టి చూస్తే మీ అసలు అలవాటు బయటపడుతుంది. నా దగ్గర ఏడు లెన్స్‌లు ఉన్న రోజుల్లో ఇలా చూసుకుంటే, ఇంట్లో ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్న ఫొటోలన్నీ రెండే లెన్స్‌లతో తీసినవని తేలింది. మిగతా ఐదింటినీ అమ్మడానికి నాకు ఏడాది పట్టింది, వాటిలో ఏ ఒక్కటీ మళ్లీ గుర్తుకు రాలేదు.

ఇక బరువు సంగతి. బ్యాటరీ, కార్డుతో కలిపి డీ500 860 గ్రాములు, ట్రైపాడ్ కాలర్‌తో 200-500 లెన్స్ 2,300 గ్రాములు. అంటే గుడ్లగూబ తల తిప్పే వరకు మీరు కంటి దగ్గర ఎత్తి పట్టుకుంటున్నది మూడు కిలోలకు పైనే. మీ భుజాన్ని బాధపెడుతున్నది ప్రధానంగా ఆ లెన్స్, బాడీ కాదు. 2015లోనే నికాన్ 300 ఎంఎం ఎఫ్/4 పీఎఫ్ అనే తేలికైన లెన్స్ తెచ్చింది. దాని బరువు 755 గ్రాములు. దూరాన్ని ఇంకా దగ్గరకు లాగే 190 గ్రాముల 1.4 టెలికన్వర్టర్ తగిలిస్తే 420 ఎంఎం అవుతుంది, డీ500తో కలిపి మొత్తం 1,805 గ్రాములు. 500 ఎంఎం దాకా వెళ్లే సౌకర్యం పోతుందన్నది నిజమే. ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టుకున్న గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు 300 ఎంఎం చాలినంత, కోరింగ మడ అడవిలో కొమ్మల మధ్య కూర్చునే చిన్న లకుముకి పిట్టకు మాత్రం వెలితి తెలుస్తుంది. సూర్యుడికి ఎదురుగా తీస్తే పీఎఫ్ లెన్స్‌లో రంగుల వలయం కనిపించవచ్చు, అది కూడా తెలుసుకుని ఉండండి. ఎక్కడైనా అద్దెకు దొరికితే రెండు రోజులు తీసుకుని, మీ భుజమూ మీ కళ్లూ ఒప్పుకున్నాకే 200-500 అమ్మకానికి పెట్టండి.

అబ్బాయి సలహాలో ప్రేమ ఉంది కానీ, ఎగిరే పక్షులు తీసేవారికి డీ500ను వదిలి చిన్న మిర్రర్‌లెస్‌కు మారమని నేను చెప్పలేను. జెడ్50 వంటి బాడీ బ్యాటరీతో కలిపి 450 గ్రాములే, మీ లెన్స్‌లను దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే 200-500, 105 మైక్రో రెండూ ఆటో ఫోకస్‌తో సహా చక్కగా పని చేస్తాయి. కానీ గాలిలో ఉన్న రెక్కలను పట్టుకోవడంలో డీ500లోని 153 ఫోకస్ పాయింట్ల వ్యవస్థదే పైచేయి అని నా అనుభవం. పైగా మీ 50 ఎంఎం 1.8డీ లెన్స్‌లో మోటారు ఉండదు, అది బాడీలోని మోటారుతో తిరుగుతుంది, కాబట్టి ఆ అడాప్టర్ మీద చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి.

నా సలహా ఇది. డీ500, 105 మైక్రో, ఒక ట్రైపాడ్ ఉంచుకోండి. డీ7200, 18-140 కలిపి ఒక జతగా అమ్మండి, కొత్తగా నేర్చుకునేవారికి ఆ జత సరిపోతుంది. 50 ఎంఎంకు వచ్చే డబ్బు చిన్నది, దాన్ని ఆ జతతో పాటే ఇచ్చేస్తే కొన్నవారు సంతోషిస్తారు, డీ7200లో మోటారు ఉంది కాబట్టి ఫోకస్ ఇబ్బంది కూడా ఉండదు. డీ7200 జతను ఈ నెలలోనే అమ్మండి. 2020 తరువాత నికాన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ (మీ వాటిలా లోపల అద్దం ఉండే కెమెరా) ఏదీ తీసుకురాలేదు, కొనేవారు మిర్రర్‌లెస్ వైపు జరుగుతున్న కొద్దీ పాత బాడీల ధర తగ్గుతుంది. 200-500 లెన్స్ ధర అంత వేగంగా పడదు, దానికి తొందర లేదు.

ధర కట్టేటప్పుడు ఆన్‌లైన్‌లో జనం అడుగుతున్న ధరలను చూసి ఆశ పెంచుకోవద్దు. అవి ఇంకా అమ్ముడుపోని వస్తువుల ధరలు. మూడు నెలలుగా అక్కడే ఉన్న ప్రకటనను పక్కన పెట్టి, వారం పది రోజుల్లో మాయమైనవాటి ధరలను నోట్ చేసుకోండి. ఇద్దరు దుకాణదారుల దగ్గర విడి ధర కనుక్కుంటే అది మీకు అట్టడుగు హద్దు అవుతుంది. ఆ హద్దుకూ, త్వరగా మాయమైన ప్రకటనల ధరకూ నడుమ ఎక్కడ నిలబడాలన్నది వస్తువు స్థితిని బట్టి ఉంటుంది.

ఆ స్థితిని కొనేవారి కన్నా ముందు మీరే చూసుకోవాలి. సముద్రపు గాలి తగిలే కాకినాడలో మొదట భయపడవలసింది బూజుకు. రాత్రి గదిలో దీపాలు ఆర్పి, లెన్స్ మూతలు రెండూ తీసి, వెనుక నుంచి చిన్న టార్చ్ వెలుతురు పంపి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. నలుసుల్లా మెరిసేవి దుమ్ము రేణువులు, వాటితో ఫొటోకు నష్టం లేదు. సాలీడు దారాల్లా, చెట్టు వేళ్లలా అంచు నుంచి కొమ్మలు చాస్తూ లోపలికి పాకేది బూజు. ఒకసారి నేను పట్టపగలు, దుకాణం బయట ఎండలో చూసి ఒక లెన్స్ కొన్నాను. ఇంటికి వచ్చి టార్చ్ వేస్తే వెనుక గాజు మీద వెంట్రుకల్లాంటి తెల్లటి తీగలు బొటనవేలి గోరంత మేర పరుచుకుని ఉన్నాయి. శుభ్రం చేయించాను, తీగలు పోయాయి, కానీ అవి తినేసిన కోటింగ్ తాలూకు మచ్చ అలాగే మిగిలింది. అందుకే అమ్మేటప్పుడు లోపం ఉంటే దాన్ని దగ్గరగా ఫొటో తీసి ప్రకటనలోనే పెట్టండి. అలా పెట్టిన వస్తువుకు బేరం తక్కువ ఆడతారు, ఇంటికొచ్చి గొడవ పడేవారు ఉండరు.

బాడీ విషయంలో, లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, అంటే ఎఫ్/16 దగ్గర, తెల్ల గోడను తీసి చూస్తే సెన్సర్ మీద మచ్చలు నల్లటి చుక్కలుగా కనిపిస్తాయి. నికాన్ బాడీ తీసిన ఫొటో సమాచారంలోనే షట్టర్ కౌంట్ (షట్టర్ ఎన్నిసార్లు కదిలిందన్న లెక్క) ఉంటుంది కాబట్టి కెమెరా నుంచి నేరుగా తీసిన తాజా జేపెగ్ ఒకటి కొనేవారికి ఇవ్వండి. డీ7200 షట్టర్‌ను 1,50,000 సార్లకు, డీ500 షట్టర్‌ను 2,00,000 సార్లకు పరీక్షించినట్టు కంపెనీ చెప్పింది. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, ధర మాత్రం తగ్గుతుంది. మెనూలోని బ్యాటరీ సమాచారంలో 0 నుంచి 4 వరకు వయసు చూపిస్తుంది, 4 చూపించే బ్యాటరీని మంచి బ్యాటరీ అని అమ్మకండి. 200-500లో అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) విద్యుత్తుతో కదులుతుంది, డీ90 వంటి పాత బాడీల మీద దాన్ని మార్చుకోలేరు. కొనడానికి వచ్చినవారి దగ్గర ఏ బాడీ ఉందో మీరే అడిగి ఈ సంగతి చెప్పండి.

పక్షుల ఫొటోలు తీసేవారి పరిచయాలు మీకు ఉన్నాయి, పెద్ద లెన్స్‌కు మొదటి కబురు వారికే పంపండి. కుదరకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరిగి ధర అడగవచ్చు. ఎవరికి అమ్మినా సీరియల్ నంబరు, తేదీ, ధర రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి దగ్గర ఉంచుకోండి, పాత బిల్లు కాపీ ఇవ్వండి. దొంగ సామాను భయం కొనేవారికీ ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారు వరంగల్‌లో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపి, గత ఏడాది కాలం చేశారు. బీరువాలో యాషికా మ్యాట్ 124జీ, నికాన్ ఎఫ్ఎం2 ఫిల్ము కెమెరాలు, నెగటివ్ నుంచి పెద్ద ఫొటో వేసే ఎన్‌లార్జర్ ఒకటి, అట్టపెట్టెల నిండా నెగటివ్‌లు ఉన్నాయి. తెలిసినాయన ఒకరు అన్నీ పాత సామాను లెక్కన తీసుకుంటానన్నారు. అమ్మ దేన్నీ ముట్టుకోనివ్వడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మగారిని తొందరపెట్టకండి. ఈ వస్తువులు ఇంకో ఏడాది ఆగినా వాటి ధర పడిపోదు. ఈలోగా వాటిని తోలు సంచుల్లోంచి మాత్రం తీసేయండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.

నెగటివ్‌లను ఎవరికీ అమ్మకండి. వాటిలోని వెండి కోసం కొనేవారు ఉంటారు, కానీ ఆ పెట్టెల్లో ఉన్నవి ఊరి జనం పెళ్లిళ్లు, బారసాలలు, ఇప్పుడు లేని మనుషుల ముఖాలు. కవర్ల మీద నాన్నగారు పేరు, తేదీ రాసి ఉంటే ఆ కుటుంబాలకు కబురు చేయండి. తమ తాతయ్య ఫొటో ఒక్కటీ లేని ఇల్లు మీ వీధిలోనే ఉండవచ్చు.

ఎఫ్ఎం2 పాత సామాను కాదు. 1982లో వచ్చిన ఆ కెమెరా షట్టర్ పూర్తిగా యాంత్రికం, బ్యాటరీ కేవలం వెలుతురు కొలిచే మీటరుకే కావాలి. లెన్స్ తీసి, వెనుక తలుపు తెరిచి, 1 సెకను దగ్గర నొక్కి చెవి పెట్టి వినండి, షట్టర్ తెరుచుకోవడం, మూసుకోవడం విడివిడిగా స్పష్టంగా వినిపించాలి. మధ్యలో నీరసంగా ఆగితే అది సర్వీసుకు వెళ్లాలి, అంతేకానీ ఇంట్లో నూనె చుక్క వేయకండి. 124జీకి 120 ఫిల్ము మీద 12 చదరపు ఫొటోలు వస్తాయి, ఆ ఫిల్ము నేటికీ తయారవుతోంది. అందులోని మీటరు పాదరసం బ్యాటరీ కోసం చేసినది, ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. కాబట్టి మీటరు తప్పు చూపిస్తోందని ఎవరైనా ధర కోస్తే ఒప్పుకోవద్దు, అలాంటి కెమెరా కొనేవారు వెలుతురును వేరే మీటరుతో కొలుచుకుంటారు. ఎన్‌లార్జర్‌కు గిరాకీ తక్కువ. దానికి బిగించిన లెన్స్‌ను విడిగా అమ్మవచ్చు. లేదా హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ డిగ్రీ నేర్పే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వంటి చోట విద్యార్థులకు పనికొస్తుందేమో అడగండి. రెండు కెమెరాల్లో ఏది అమ్మాలో అమ్మగారినే ఎంచుకోనివ్వండి. నాన్నగారు ఏది మెడలో వేసుకుని బయలుదేరేవారో ఆవిడకే తెలుసు.

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. కెనాన్ 200డీ అమ్మకానికి పెట్టగానే ఒకరు ఫోన్ చేసి, తాను సైన్యంలో ఉన్నానని చెప్పి, బేరం లేకుండా ఒప్పుకున్నారు. ముందుగా 1 రూపాయి పంపారు, వచ్చింది. ఇప్పుడు క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే మిగతా డబ్బు పడుతుందంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మవద్దు, వెంటనే ఆ నంబరును బ్లాక్ చేయండి. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. ఎదుటివారు పంపిన కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటున్నారంటే మీ ఖాతా నుంచి డబ్బు వెళుతుందనే అర్థం. ఆ 1 రూపాయి మీ నమ్మకానికి వేసిన ఎర, సైన్యం పేరు చెప్పడమూ అందుకే. ఇప్పటికే పిన్ కొట్టి ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా ఈ నిమిషమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేసి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇకపై కొనేవారిని పగటిపూట, జనం ఉండే చోట, వీలైతే మీకు తెలిసిన కెమెరా రిపేరు దుకాణంలో కలవండి. వారి ఫోన్‌లో కనిపించే స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోకుండా, మీ బ్యాంకు యాప్ తెరిచి డబ్బు పడిందని చూసుకున్నాకే కెమెరా చేతికి ఇవ్వండి. కొరియర్‌లో పంపమని అడిగితే, లిథియం బ్యాటరీలను విమానంలో పంపడానికి ఆంక్షలు ఉన్నాయని ముందే చెప్పి, ఆ కొరియర్ వారి నిబంధన కనుక్కోండి.

ఇచ్చే ముందు మెనూలో కాపీరైట్ సమాచారం కింద మీ పేరు ఉంటే తీసేయండి, ఫోన్‌తో కలిపిన వైఫై, బ్లూటూత్ వివరాలు చెరిపి, సెట్టింగులన్నీ మొదటి స్థితికి తీసుకురండి. మెమరీ కార్డు మాత్రం కెమెరాతో పాటు ఇవ్వకండి. ఫార్మాట్ చేసిన కార్డులోంచి కూడా పాత ఫొటోలను తిరిగి బయటికి తీయవచ్చు.