పాతింటి గైడు కాబోతున్న చిన్నికి

చిరంజీవి చిన్నికి, అత్తయ్య ఆశీస్సులు.

శనివారాలు మ్యూజియం ఇంట్లో గైడుగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. మసాచుసెట్స్‌లో పాతిళ్ళకు కొదవ లేదు, ఓపిగ్గా చూపించే గైడులకే కొరత. రిటైరయ్యాక నేనూ ఆ పని చేశాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

వాళ్ళిచ్చే స్క్రిప్టు బట్టీ పట్టే ముందు, ఆ ఇంటి ప్రొబేట్ ఇన్వెంటరీ ఉందేమో అడుగు. ఆ రోజుల్లో, అంటే అమెరికా ఇంకా బ్రిటిష్ కాలనీలుగా ఉన్నప్పుడు, యజమాని చనిపోతే ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి, గది గదీ తిరిగి, కనబడిన ప్రతి సామానుకూ ధర కట్టి రాసేవారు. వెండి చెంచాలతో పాటు సొట్టపడ్డ కెటిల్, పాత ఇనుము, పరుపులోని ఈకలు అన్నీ అందులోకి ఎక్కుతాయి. ఏ గదిలో మంచం వేశారో, ఏ గదిలో ఉల్లిపాయలు ఆరబెట్టారో దాన్ని బట్టే మనకు తెలుస్తుంది. అయితే అది మగవాడి ఆస్తి పట్టీ. పెళ్ళయిన ఆడదానికి చట్టప్రకారం సొంతమంటూ దాదాపు ఏమీ లేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న దుప్పట్లూ, ప్యూటర్ అనే తగరపు మిశ్రమలోహం పళ్ళేలూ మొగుడి లెక్కలోకే పోయేవి. అందుకని ఏ వస్తువు దగ్గర నిలబడినా, అది ఎవరిది అన్నదానికంటే దాంతో రోజూ ఎవరు పని చేశారన్నది చెప్పు. వచ్చినవాళ్ళు కాళ్ళు మార్చుకోకుండా వింటారు.

వంటింట్లో ఎక్కువసేపు ఆపు. అంత పెద్ద పొయ్యి చూడగానే అందరూ భోగిమంట ఊహించుకుంటారు. నిజానికి వంటంతా నిప్పుల మీదే. పెద్ద మంట ఒకపక్క మండుతుంటే, ఇల్లాలు పారతో నిప్పులు లాగి గచ్చు మీద అక్కడక్కడా చిన్న కుప్పలు పోసేది. ఒక్కో కుప్ప ఒక్కో బర్నరు అన్నమాట. మూడు కాళ్ళ పెనం వాటి మీద నిలబెట్టేది, మంట తగ్గించాలంటే కాసిని నిప్పులు పక్కకు తోసేది. ఇటుకల ఓవెను సంగతి ఇంకా బాగుంటుంది. లోపలే కట్టెలు గంటల తరబడి కాల్చి, బూడిదంతా ఊడ్చేసి, చెయ్యి లోపల పెట్టి అంకెలు లెక్కపెట్టేవారు. ఎంత త్వరగా చెయ్యి తీసెయ్యాల్సి వస్తే అంత వేడి. ముందు రొట్టెలు, తర్వాత పైలు; శనివారం సాయంత్రం పెట్టిన చిక్కుడు గింజల కుండ ఆదివారానికి అందులోనే ఉండేది. ఆదివారం పని చెయ్యకూడదని ప్యూరిటన్ల (అక్కడ స్థిరపడ్డ కఠిన నియమాల క్రైస్తవుల) పట్టింపు మరి. పిల్లలొస్తే వాళ్ళ చెయ్యి చల్లటి ఓవెన్లోకి పెట్టనిచ్చి లెక్కపెట్టించు, మీ మ్యూజియం వాళ్ళు ఒప్పుకుంటేనే.

పొయ్యి పక్కన రాట్నం కనిపిస్తే మాత్రం కాస్త అనుమానించు. 1876లో దేశానికి వందేళ్ళు నిండినప్పుడు జనానికి పాతకాలం మీద మోజు పుట్టింది. అటకల మీద పడున్న రాట్నాలు తెచ్చి పొయ్యి పక్కన అలంకరణగా పెట్టారు. నిప్పురవ్వలు ఎగిరే చోట ఉన్నీ, నార పెట్టుకుని వడికే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? అలాగే ఒక కుటుంబం తరతరాలు ఉన్న ఇంట్లో అన్నీ ఒకే కాలానివి కావు. డెడమ్‌లోని ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు చూడు. దూలాల్లోని చెట్టు వలయాలు లెక్కగట్టి 1637-1641 మధ్య కట్టారని తేల్చారు. ఎనిమిది తరాలు అక్కడే కాపురముంది, 1904లో ఆ కుటుంబ సంఘమే కొనుక్కుంది. అన్నేళ్ళ సామాను ఒకే చూరు కింద ఉన్నప్పుడు ఏది ఎప్పటిదో విడదీసి చెప్పడమే నీ పని.

ఇక కట్టుకథలు. 'మంచాలు చిన్నవి, అప్పటి మనుషులు పొట్టివాళ్ళు' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. జేబులో కొలత టేపు పెట్టుకో. ఎత్తైన దిండ్లూ, చుట్టూ తెరలూ ఉండేసరికి మంచం పొట్టిగా కనిపిస్తుంది గానీ, కొలిస్తే చాలావాటికి మామూలు పొడవే ఉంటుంది. బ్రిటన్ మీద జరిగిన విప్లవ యుద్ధంలో అమెరికాలో పుట్టిన సైనికుల సగటు ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. అడుగున అల్లిన తాళ్ళు మన నులక మంచంలాగే వదులైపోతాయి, వాటిని బిగించే చెక్క తాళంచెవి ఉంటే తీసి చూపించు. అలమరకు పన్ను వేసేవారు కాబట్టి గదుల్లో అలమరలు లేవన్నది ఇంకో కథ. అలాంటి చట్టమేదీ లేదు. వంటింట్లో లంగాలు అంటుకుని ఆడవాళ్ళు పిట్టల్లా రాలిపోయేవారని కూడా అంటారు. ప్రమాదాలు జరిగేవి, కానీ వాళ్ళను ఎక్కువగా పొట్టన పెట్టుకున్నవి అంటురోగాలూ, కాన్పులూ. 'బాత్రూం ఎక్కడ?' అని రోజూ అడుగుతారు, సిగ్గుపడకుండా మంచం కింద కుండ చూపించి, పెరటి దొడ్డి గురించి చెప్పెయ్.

మంచం తెరలు అద్దకం గుడ్డవైతే నీకు గొప్ప అవకాశం. తెరలూ, పరుపూ కలిపి మంచమే చాలా ఇళ్ళలో అన్నిటికంటే ఖరీదైన సామాను. మన కోరమాండల్ తీరపు చింట్జ్, అంటే అద్దకపు నూలు గుడ్డ, లండన్ మీదుగా ఈ కాలనీలకు వచ్చేది. 1721 చట్టంతో ఇంగ్లండులో అద్దకపు నూలు గుడ్డలు కట్టకూడదన్నారు, కాలనీలకు అమ్ముకోవడానికి మాత్రం అడ్డు చెప్పలేదు! కరక్కాయ, గేదెపాలలో నానబెట్టిన గుడ్డకు పటిక పూసి చిరివేరు రంగులో మరిగిస్తే ఉతికినా పోని ఎరుపు వస్తుందని చెప్పు, మనం బందరువాళ్ళం గదా, ఆ మాత్రం చెప్పే హక్కుంది. మ్యూజియం ఫైల్లో రుజువు లేకుండా 'ఇది మా బందరుదే' అని మాత్రం అనకు. తెలుగువాళ్ళు గుంపుగా వచ్చినప్పుడు ఆ టెంప్టేషన్ బాగా ఉంటుంది.

ఒక్క ఇల్లు మాత్రం డ్యూటీ మొదలెట్టే ముందే చూడు, మెడ్‌ఫర్డ్‌లోని రాయల్ హౌస్. ఉత్తరాది రాష్ట్రాల్లో బానిసల నివాసం విడి భవనంగా మిగిలింది అక్కడొక్కటే. ఐజాక్ రాయల్ 1737లో ఆంటిగ్వా నుంచి కనీసం 27 మంది బానిసలను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళలాంటివాళ్ళను కూడా ఇన్వెంటరీల్లో పశువుల పక్కన, వెండి పక్కన ధర కట్టి రాశారు. ఆ కుటుంబానికి దాదాపు యాభయ్యేళ్ళు చాకిరీ చేసిన బెలిండా 1783లో శాసనసభకు అర్జీ పెట్టుకుని, ఏడాదికి 15 పౌండ్ల 12 షిల్లింగుల పింఛను మంజూరు చేయించుకుంది. డబ్బు ఆగిపోతే మళ్ళీ మళ్ళీ అర్జీ పెట్టింది. నువ్వు చేరే ఇంట్లోనూ బానిసలున్నారేమో కాగితాలు వెతుకు. ఉంటే, పింగాణీ టీ కప్పుల దగ్గరే ఆ పేర్లు చెప్పు. చివర్లో తోకలా తగిలిస్తే ఎవరికీ ఎక్కదు.

మిగతావి చిన్న విషయాలు. ఎండకు గుడ్డ రంగు వెలుస్తుంది కాబట్టి కిటికీలు మూసి ఉంచుతారు, చీకటని జనం సణుగుతారు, కారణం చెప్తే ఊరుకుంటారు. చాలా పాతిళ్ళలో ఏసీ ఉండదు, నూలు బట్టలు వేసుకో. మెట్లు ఇరుకు, ముందు నువ్వెక్కి తర్వాత వాళ్ళను రమ్మను.

ఇన్వెంటరీ దొరికితే ఫోటోకాపీ తీసుకో. ఆనాటి చేతిరాత, స్పెల్లింగులు మొదట్లో కొరుకుడు పడవు. ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి, ఇద్దరం కలిసి చదువుదాం.

మీ అత్తయ్య