మీరడిగారు: రఫేల్ పందెం, తేజస్ ఇంజన్, మాధవరం మనవడి సందేహం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న, మాటలు మార్చి. దాంతోనే మొదలుపెడదాం.

ప్రశ్న: రఫేల్, సుఖోయ్-30 ఎదురెదురుగా వస్తే ఏది గెలుస్తుంది? టీ కొట్టు దగ్గర పందెం కాశాం, మీ మాటే తీర్పు.
– ఓ డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఆ పందెం డబ్బులతో అందరూ తలో టీ తాగెయ్యండి. రెండూ మనవే కదా బాబూ, ఎదురెదురుగా ఎందుకొస్తాయి? సరే, అడిగారు కాబట్టి చెప్తాను. సుఖోయ్ భారీ శరీరం, రెండు సీట్లు, చాలా దూరం పోతుంది, రెండున్నర టన్నుల బ్రహ్మోస్ క్షిపణిని పొట్ట కింద కట్టుకుని ఎగరగలదు. రఫేల్ దానికంటే చిన్నది, కానీ దాని కళ్ళూ చెవులూ కొత్తవి, అవతలివాడి రాడార్‌ని తికమక పెట్టే ఏర్పాటు బాగుంటుంది, కంటికి కనపడనంత దూరంలోని విమానాన్ని కొట్టే మీటియోర్ క్షిపణి ఉంది. ఈ రోజుల్లో ఎవడు ముందు చూస్తే వాడిదే గెలుపు, పల్టీలు కొట్టడం ఎయిర్ షోల కోసం.

నా దృష్టిలో అసలు అడగాల్సింది ఇంకోటి ఉంది. పొద్దున ఆరింటికి షెడ్డు తలుపు తీస్తే ఎన్ని విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయి? 2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ చెప్పిన లెక్క ప్రకారం మన సుఖోయ్‌లలో సగం పైచిలుకే ఆ స్థితిలో ఉండేవి, మిగతావి విడిభాగాల కోసమో రిపేరు కోసమో ఆగిపోయినవే. దానికి తోడు మనం నడిపే ఫైటర్ల రకాలు చూడండి: సుఖోయ్, రఫేల్, మిరాజ్-2000, మిగ్-29, జాగ్వార్, తేజస్. 62 ఏళ్ళు చేసిన మిగ్-21ని 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సాగనంపాక కూడా ఆరు రకాలు. మీ ఊళ్ళో ఆర్టీసీ డిపో మేనేజర్‌ని అడగండి, ఆరు కంపెనీల బస్సులు ఒకే డిపోలో ఇస్తే ఎలా ఉంటుందో. దేని బోల్టు దానికే, దేని మెకానిక్ దానికే, దేని ట్రైనింగ్ దానికే. ఆయన మొహం చూస్తే మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: తేజస్ పని 1983లో మొదలుపెట్టాం. నలభై ఏళ్ళు దాటాయి. చంద్రుడి మీదికి వెళ్ళగలిగినవాళ్ళం ఒక ఇంజన్ తయారు చేసుకోలేమా? నిజం చెప్పండి, సర్దిచెప్పొద్దు.
– ఓ మెకానికల్ లెక్చరర్, గుంటూరు

జవాబు: సర్దిచెప్పను సార్. ముందు కొంచెం లెక్క చూద్దాం. తేజస్ మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న. 2016 జులైలో స్క్వాడ్రన్‌లో చేరింది. 2021లో 83 మార్క్-1ఏ (మెరుగుపరిచిన రకం) విమానాలకు ఆర్డర్ ఇచ్చారు, 2025 సెప్టెంబర్‌లో మరో 97కి ఇచ్చారు. మార్క్-1ఏ మొదటి విమానం 2024 మొదట్లోనే చేతికి రావాలి, రాలేదు. దానికి ప్రధాన కారణాల్లో ఒకటి మీరడిగిన ఇంజనే. అమెరికా జీఈ కంపెనీకి 2021లో 99 ఎఫ్404 ఇంజన్లు చెప్పాం, అప్పటికి వాళ్ళు ఆ ఇంజన్ తయారీ లైను మూసేసి ఏళ్ళయింది, మళ్ళీ తెరిచి, సరఫరాదారులని కూడగట్టుకుని, మొదటి ఇంజన్ ఇచ్చేసరికి 2025 మార్చి వచ్చింది. పెళ్ళికి అన్నీ సిద్ధం, వంటవాడు రాలేదు, అలా అయింది మన పని.

మన సొంత ఇంజన్ కావేరి. బెంగళూరులో ఉన్న రక్షణ శాఖ ఇంజన్ల పరిశోధన సంస్థ జీటీఆర్ఈ 1989లో పట్టుకుంది. అనుకున్నంత తోపు (థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకి నెట్టే బలం) రాలేదు, బరువు పెరిగింది, 2008లో తేజస్ నుంచి దాన్ని విడదీశారు. ఎందుకు రాలేదంటే... మీరు మెకానికల్ వాళ్ళు, మీకు తెలిసిందే, మిగతావాళ్ళ కోసం చెప్తాను. టర్బైన్ బ్లేడ్ చూశారా ఎప్పుడైనా? అరచేతిలో ఇమిడిపోతుంది. దాని మీదికి దూసుకొచ్చే గాలి వేడి 1400 డిగ్రీలు దాటుతుంది, ఆ బ్లేడ్ చేసిన నికెల్ మిశ్రమం అంతకంటే తక్కువ వేడికే కరిగిపోతుంది. అంటే కరిగిపోవాల్సిన వస్తువు కరగకుండా, పైగా నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ, గంటల తరబడి పని చెయ్యాలి. అందుకని లోపల బోలుగా చేసి, ఒంటి నిండా సూది బెజ్జాలు పెట్టి, వాటిలోంచి కాస్త చల్లటి గాలి వదులుతారు, ఆ గాలి బ్లేడ్‌కి పల్చటి దుప్పటిలా పనికొస్తుంది.

అదీ చాలదు. మామూలు లోహం బెల్లం అచ్చు లాంటిది, పలుకులు పలుకులుగా ఉంటుంది, వేడిలో లాగితే ఆ పలుకుల మధ్యే సాగి విడిపోతుంది. కాబట్టి బ్లేడ్ మొత్తం పటికబెల్లం ముక్కలా ఒకే స్ఫటికం కావాలి. మూసని కొలిమిలోంచి మెల్లగా కిందికి దించుతూ అడుగు నుంచి పైకి గడ్డకట్టిస్తారు. మధ్యలో మెలికలు తిరిగిన సన్నటి గొట్టం ఒకటి పెడతారు, అడుగున పుట్టిన వందల పలుకుల్లో ఒక్కటే ఆ మెలిక దాటి పైకి రాగలదు, ఆ ఒక్కటే పెరిగి బ్లేడ్ అవుతుంది. సూత్రం వింటే ఇంతేనా అనిపిస్తుంది. చేతికి పట్టుబడటానికి దశాబ్దాలు పడుతుంది, పట్టుబడినవాళ్ళు పక్కవాడికి చెప్పరు. హైదరాబాద్‌లో కంచన్‌బాగ్ వైపు ఉన్న లోహాల పరిశోధనశాల డీఎంఆర్ఎల్ ఈ విద్య నేర్చి, 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం 60 బ్లేడ్లు విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్‌కి అందజేసింది. ఆ వార్త పేపర్లో లోపలి పేజీలో చిన్నగా పడింది. రఫేల్ అంబాలాలో దిగిన రోజు టీవీల్లో వచ్చిన హడావుడిలో వందో వంతు ఈ 60 బ్లేడ్లకి వచ్చి ఉంటే సంతోషించేవాణ్ణి.

ఇక చంద్రుడి సంగతి. రాకెట్ ఇంజన్ కొన్ని నిమిషాలు మండి పని ముగిస్తుంది. ఫైటర్ ఇంజన్‌ని పైలట్ ఒక గంటలో పదిసార్లు పెంచుతాడు, తగ్గిస్తాడు, మర్నాడు మళ్ళీ అదే ఇంజన్, అలా కొన్ని వేల గంటలు. రెండిటికీ పోలిక పెట్టడం అన్యాయం.

తప్పు మాత్రం ఉంది సార్, అది శాస్త్రవేత్తల తెలివిలో ఉందని నేననుకోను. ఇంజన్‌ని పైకి తీసుకెళ్ళి పరీక్షించే ఎగిరే ప్రయోగశాల మనకి లేదు, కావేరిని రష్యా తీసుకెళ్ళి వాళ్ళ విమానానికి తగిలించి ఎగరేసి చూసుకున్నాం. విమానం, దాని ఇంజన్ రెండూ ఒకేసారి కొత్తగా మొదలుపెట్టడం ఇంకో పొరపాటు. ఇప్పుడు మన తర్వాతి తరం ఫైటర్ ఏఎంసీఏ కోసం ఫ్రాన్స్ సాఫ్రాన్‌తో కలిసి పెద్ద ఇంజన్ చెయ్యాలనుకుంటున్నారు. మంచిదే. కానీ బ్లేడ్ పోత పోసే గదిలోకి మనవాళ్ళని రానిస్తారా లేదా అన్నది ఒప్పందంలో చూసుకోవాలి. లేకపోతే మనకి దక్కేది బిగింపు పనే.

ప్రశ్న: బ్రహ్మోస్ నూటికి నూరు శాతం స్వదేశీ అని మా ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ తిరుగుతోంది. నిజమేనా?
– ఓ గృహిణి, నల్గొండ

జవాబు: కాదమ్మా. పేరులోనే ఉంది: బ్రహ్మపుత్ర, మాస్క్వా, రెండు నదులు. 1998లో రష్యాతో కలిసి పెట్టిన కంపెనీ అది, ధ్వనికి దాదాపు మూడింతల వేగమిచ్చే ఇంజన్ విద్య వాళ్ళది. మన వాటా ఏటేటా పెరిగింది, క్షిపణుల కూర్పు హైదరాబాద్‌లోనూ జరుగుతుంది. గర్వపడటానికి అది చాలు, ఆ మెసేజ్‌ని ఇంకొకరికి పంపకండి.

ప్రశ్న: ఉక్రెయిన్‌లో ముప్ఫై వేల రూపాయల డ్రోన్ కోట్ల రూపాయల ట్యాంకుని తగలబెడుతోంది. ఇంకా మనం అర్జున్ అని, జొరావర్ అని ట్యాంకుల మీద ఎందుకు ఖర్చు పెట్టడం?
– ఓ ప్రైవేట్ ఉద్యోగి, సంగారెడ్డి

జవాబు: మీ ఊరి పక్కనే ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఉంది, అక్కడ తయారయ్యే బీఎంపీ-2ని చాలామంది ట్యాంకనుకుంటారు. అది సైనికుల్ని ఎక్కించుకుని పోయే కవచం బండి, చెరువు అడ్డొస్తే ఈదుకుంటూ పోతుంది. ట్యాంకంటే వేరు, ముందు అది పక్కన పెడదాం.

డ్రోన్ల దెబ్బకి ట్యాంకుల పని అయిపోయిందనే మాట నేను ఒప్పుకోను, కానీ గర్వం అణిగిన మాట నిజం. అమెరికా ఉక్రెయిన్‌కి 31 ఏబ్రమ్స్ ట్యాంకులిచ్చింది, 2024 వసంతంలో వాటిని ముందు వరస నుంచి వెనక్కి లాగారన్న వార్తలొచ్చాయి. రష్యా ట్యాంకుల సంగతి మరీ ఘోరం. టీ-72, టీ-90లలో గుండ్లు సిబ్బంది కాళ్ళ కిందే గుండ్రంగా పేర్చి ఉంటాయి, టీ-90లో అలా 22. పైనుంచి దెబ్బ అక్కడిదాకా పోతే టరెట్ (ఫిరంగి ఉండే పైభాగం) మొత్తం కుక్కర్ మూతలా ఎగిరిపోతుంది. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి ఈ రెండు రకాలే, కాబట్టి అది వాళ్ళ బాధలే అనుకోవడానికి లేదు. డ్రోన్లు తగలకుండా ట్యాంకు పైన ఇనప మంచం లాంటి పంజరం కట్టుకుని తిరగడం చూసి మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత తామూ కట్టుకున్నారు.

అర్జున్ విషయంలో నాకు రెండు మనసులు. తుపాకీ గురి, లోపల సౌకర్యం బాగుంటాయి, బండి గట్టిది. కానీ కొత్త మార్క్-1ఏ బరువు 68 టన్నులు, టీ-90 46 టన్నుల చిల్లర. పంజాబ్ కాలువల మీద వంతెనలు, రైలు వ్యాగన్లు, బురద, అన్నిటికీ ఆ తేడా లెక్కే. ఇంజన్ జర్మనీది, మళ్ళీ అదే కథ! 2021లో ఇచ్చిన ఆర్డర్ 118కి, అంత తక్కువ సంఖ్యకి విడిభాగాలు చేసిపెట్టే కంపెనీ ఏది ఉత్సాహంగా ఉంటుంది చెప్పండి? 25 టన్నుల జొరావర్ మాత్రం అవసరం. 2020లో గల్వాన్ తర్వాత లద్దాఖ్‌కి టీ-72లని, టీ-90లని ఎక్కించాం. అవి మైదానాల కోసం పుట్టినవి, ఆ గాలి పల్చన, చలికి నూనె గడ్డ కడుతుంది. అక్కడ తేలిక బండి కావాలి.

ప్రశ్న: మా ఇంట్లో మూడు తరాలు సైన్యంలో చేశాం. మా మనవడు ఇంటర్. 'డ్రోన్లు వచ్చాక సిపాయిలెందుకు తాతా' అంటున్నాడు. వాడికేం చెప్పను?
– ఓ మాజీ హవల్దారు, మిలటరీ మాధవరం

జవాబు: ముందు మీకు నమస్కారం బాబాయ్ గారూ. మీ ఊరి పేరు ముందు 'మిలటరీ' ఊరికే చేరలేదు.

ఆ డ్రోన్‌కి బ్యాటరీ మార్చేది ఎవరో మనవణ్ణి అడగండి. ఉక్రెయిన్‌లో ఒక చిన్న డ్రోన్ ఎగరాలంటే ఇద్దరు ముగ్గురు ముందు వరసకి దగ్గర్లో నేలమాళిగలో కూర్చోవాలి, వాళ్ళకి తిండి, బ్యాటరీలు, మందుగుండు రాత్రిపూట మోసుకొచ్చేవాళ్ళు కావాలి. రేడియో సిగ్నల్ అడ్డుకుంటున్నారని ఇప్పుడు గాలిపటం దారంలా సన్నటి ఫైబర్ తీగ వెనక వదులుకుంటూ పోయే డ్రోన్లొచ్చాయి, పొలాల నిండా ఆ తీగలే. కూల్చడం కూడా మనుషుల పనే. 2025 మేలో పశ్చిమ సరిహద్దు మీదికి డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు మనవాళ్ళు ఆకాశ్ క్షిపణులతో పాటు 1960ల నాటి ఎల్-70 ఫిరంగులనీ వాడారు. మీ సర్వీసులో చూసే ఉంటారు. కొత్త రాడార్, కొత్త కెమెరా తగిలించేసరికి ఆ ముసలి ఫిరంగికి మళ్ళీ వయసొచ్చింది. చవక డ్రోన్‌ని కోట్ల క్షిపణితో కొట్టుకుంటూ పోతే ఖజానా ఖాళీ. అందుకే 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్‌ని కూల్చి చూశారు, ఆ లేజర్ హైదరాబాద్‌ ల్యాబ్‌ చేసిందే.

మనవడికి సోల్డరింగ్ పట్టుకోవడం వస్తే చెప్పండి, పదాతి దళ బెటాలియన్లలోనే ఇప్పుడు డ్రోన్ ప్లటూన్లు పెడుతున్నారు.

ప్రశ్న: సంక్రాంతి సెలవులకి పిల్లలతో వైజాగ్ వెళ్తున్నాం. బీచ్‌లో సబ్‌మెరైన్ చూడాలా, ఎదురుగా ఉన్న విమానం చూడాలా? ఒక్కదానికే టైముంది.
– ఓ టీచర్, అనంతపురం

జవాబు: కురుసుర సబ్‌మెరైనే చూడండి. టీయూ-142 విమానం గొప్పదే, ఒక్కో ఇంజన్‌కి రెండేసి ప్రొపెల్లర్లు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి, 29 ఏళ్ళు ప్రమాదం లేకుండా పనిచేసింది. అయితే దాన్ని రోడ్డు మీంచి కూడా చూడొచ్చు. కురుసుర లోపలికి పోతేనే తెలుస్తుంది. 1969 నుంచి 2001 దాకా నీళ్ళలో తిరిగిన 91 మీటర్ల గొట్టం, అందులో డెబ్బై అయిదు మంది దాకా ఉండేవారు. టార్పెడోల పక్కనే పడక, వంటగది మన ఇంట్లో బీరువా అంత. నేను వెళ్ళినప్పుడు లోపల ఇంకా డీజిల్ వాసనే అనిపించింది, నా భ్రమో ఏమో. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కన్నంలోంచి తల వంచి, ముందు కాలు పెట్టి దూరాలి. పిల్లలు చకచకా దూరిపోతారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళెవరైనా మీతో ఉంటే వాళ్ళని బయటే కూర్చోబెట్టి ముంత మసాలా కొనివ్వండి.