ఎగ్ పఫ్ పిండి దగ్గర్నుంచి ఇంట్లోనే చేయాలంటే

బేకరీ పఫ్‌లా పొరలు రావాలి, మార్గరిన్ (వెన్నకి బదులు వాడే నూనెల కొవ్వు) వద్దు వెన్నే కావాలి, ఆదివారం టిఫిన్ వేళకి వేడిగా ఉండాలి, రెండుసార్లు చేస్తే బిస్కట్‌లా గట్టిగా వచ్చాయి, తప్పెక్కడ అని అడిగారు. మీరు రాసిన కొలతల్లో తప్పేం లేదండి. మే నెలలో, మధ్యాహ్నం పూట చేశానన్నారు చూడండి, తప్పు అక్కడుంది.

నేనూ అలాగే దెబ్బతిన్నాను. మాది విజయవాడ. పాల వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. ఎండాకాలం మా వంటింట్లో వేడి అంతకంటే ఎక్కువే. రెండో మడతకే వెన్న పిండి అంచుల్లోంచి కారడం మొదలైంది. పొడి పిండి చల్లి కప్పిపుచ్చాను. ఓవెన్‌లో పెట్టిన పది నిమిషాలకి ట్రే నిండా నెయ్యి, అందులో వేగుతున్న పఫ్‌లు. వాసన మాత్రం వీధి చివరి దాకా వెళ్లింది. మావారు కొరికి చూసి, "కజ్జికాయలో గుడ్డు పెట్టావేంటి?" అన్నారు. నిజానికి ఆ మాట చాలా సరైనది. కొవ్వు పిండిలో కలిసిపోతే వచ్చేది కజ్జికాయ పైపొరే. పఫ్‌లో కొవ్వు పిండితో కలవకూడదు, పిండికీ పిండికీ మధ్య విడిగా పల్చటి రేకులా ఉండాలి. ఓవెన్ వేడికి పిండిలోని నీరు, వెన్నలో ఉండే 16 శాతం దాకా నీరు ఆవిరై పొరల్ని పైకి నెడతాయి. మధ్యలో వెన్న ఉంది కాబట్టి అవి మళ్లీ అతుక్కోవు. బేకరీల్లో వాడే పఫ్ మార్గరిన్ అంత తేలిగ్గా కరగదు, అందుకే వాళ్లు మే నెలలోనూ చేయగలరు. కాకపోతే తిన్నాక అంగిట్లో మైనం పూసినట్టు ఉంటుంది. ఆ ఒక్క కారణంతోనే నేను ఇంట్లో చేస్తాను.

ఇప్పుడు నేను డిసెంబరు, జనవరిల్లోనే ఎక్కువగా చేస్తాను. మిగతా రోజుల్లో అయితే శనివారం రాత్రి, పడకగదిలో ఏసీ వేసుకుని, కిందికి దించిన గ్రానైట్ పలక మీద. నవ్వుకోండి, కానీ పని జరుగుతుంది.

పిండికి పావుకిలో మైదా, 25 గ్రాముల వెన్న, చెంచా నిమ్మరసం, సుమారు 130 మిల్లీలీటర్ల ఫ్రిజ్ నీళ్లు. ఉప్పు అర చెంచా, వెన్న ఉప్పుదైతే అసలు వద్దు. నిమ్మరసం వేస్తే పిండి వత్తేటప్పుడు సాగి, వెనక్కి లాక్కోకుండా ఉంటుంది. చపాతీ పిండిలా పిసకొద్దు. ముద్ద అయితే చాలు, కవర్లో చుట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

మధ్యలో పెట్టే వెన్న 200 గ్రాములు. దీన్ని కోసి, కత్తిరించి కడిగిన పాల కవర్ల మధ్య పెట్టి, చపాతీ కర్రతో కొట్టి 15 సెంటీమీటర్ల చదరపు పలకలా చేస్తాను. అసలు పరీక్ష ఇక్కడే. పలకని రెండు చేతులతో పట్టుకుని వంచితే విరక్కుండా వంగాలి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డుగా అంటకూడదు. 15 డిగ్రీల దగ్గర ఇలా ఉంటుంది. విరిగిందంటే మరీ చల్లగా ఉన్నట్టు. అలాగే వత్తితే లోపల ముక్కలు ముక్కలై, కొన్నిచోట్ల వెన్న, కొన్నిచోట్ల ఉత్త పిండి మిగులుతాయి. వేలికి అంటిందంటే ఆలస్యం చేసినట్టు, మళ్లీ ఫ్రిజ్‌లోకి. పిండి ఎంత మెత్తగా ఉందో వెన్న కూడా అంతే మెత్తగా ఉండాలి. రెంటిలో ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటే ఎన్ని మడతలు పెట్టినా వృథా.

పిండిని 22 సెంటీమీటర్ల చదరంగా వత్తి, వెన్న పలకని దాని మూలలు పిండి అంచుల మధ్యకి వచ్చేలా తిప్పి మధ్యలో పెట్టి, నాలుగు కొసల్నీ కవరు మూసినట్టు మూసేయండి. తర్వాత దాన్ని మూడింతల పొడవుగా వత్తి, పాత ఇన్‌లాండ్ లెటర్ మడిచినట్టు మూడు మడతలు వేయాలి. పక్కకి తిప్పి మళ్లీ అదే పని. రెండుసార్లు కాగానే అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీరాలి, ఇక్కడ తొందరపడితే మొత్తం పోయినట్టే. పుస్తకాల లెక్క 6 సార్లు, అంటే 729 వెన్న పొరలు. నేను 5తో ఆపేస్తాను, 243 చాలు. 6 దాకా వెళ్లినప్పుడల్లా పొరలు మరీ సన్నగా అయి చిరిగాయి, అది నా చేతి బరువు వల్ల కూడా కావచ్చు.

మా అమ్మ ఇదంతా చూసి, "మడత కాజాకి నెయ్యీ బియ్యప్పిండీ పూసి చుట్టేస్తాం, దీనికింత రాద్ధాంతమేంటే?" అంది. గోదావరి జిల్లా మనిషి కదా. పద్ధతి ఒకటేనమ్మా, కానీ కాజా నూనెలో విచ్చుకుంటుంది, ఇది ఆవిరికి విచ్చుకోవాలి అన్నాను. నెయ్యిలో నీరు ఉండదు కదా అన్నాను కూడా. ఆవిడేం ఒప్పుకోలేదు.

రాత్రి పదిన్నరకి మడతలు అయిపోతాయి. సగం సగం చేసి, 4 మిల్లీమీటర్ల మందంతో ఒక్కోటీ 30 బై 20 సెంటీమీటర్లు వత్తితే 12 చదరాలు వస్తాయి. పదునైన కత్తితో పైనుంచి కిందికి ఒక్కసారిగా కోయాలి. లాగి కోస్తే అంచుల్లో పొరలు నలిగి అతుక్కుంటాయి, అటువైపు పఫ్ లేవదు. మధ్యలో బటర్ పేపర్ వేసి దొంతరగా ఫ్రిజ్‌లో పెట్టేయండి. కూర కూడా రాత్రే చేయండి: ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా. ఉల్లి ముద్దలో చుక్క నీళ్లు మిగలకూడదు. కూర చదరం మీద పెట్టేది మాత్రం పొద్దునే. రాత్రే నింపి ఉంచితే అడుగు తడిసి పచ్చిగా ఉంటుంది.

పొద్దున ఓవెన్ 210 డిగ్రీలకి పూర్తిగా వేడెక్కాక, చదరం మధ్యలో చల్లటి కూర, దానిపై పూర్తిగా ఉడికిన గుడ్డులో సగం ముక్క పెట్టి మడవండి. పైన గుడ్డు సొన రాసేటప్పుడు కోసిన అంచుల మీదికి కారనివ్వొద్దు. కారితే ఆ పొరలు జిగురు పెట్టినట్టు మూసుకుపోతాయి. మొదటి పావుగంట తలుపు తీయొద్దు. తర్వాత 180కి తగ్గించి ఇంకో పావుగంట. పైన బంగారు రంగు రాగానే తీసేయడం అందరూ చేసే పొరపాటు. పక్కల పొరలు కూడా ముదురు రంగుకి వచ్చేదాకా ఆగండి, లేకపోతే లోపల మైదా ముద్దలా ఉంటుంది.

అంచులు కోసిన ముక్కల్ని పిసికి ముద్ద చేయకండి. ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన జీలకర్ర చల్లి వత్తి కాలిస్తే హైదరాబాద్ ఇరానీ చాయ్‌తో తినే ఖారీ అవుతుంది. మా పిల్లలు పఫ్ కంటే దాని కోసమే కొట్టుకుంటారు.

ముందే చేసి ఫ్రీజర్లో పెట్టొచ్చా అని కూడా అడిగారు. ఆలూ బఠాణీ కూరతో అయితే చల్లారిన కూర నింపి, వెంటనే పచ్చివే గడ్డ కట్టించి, అవసరమైనప్పుడు నేరుగా ఓవెన్‌లో పెట్టేయొచ్చు, ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతుందంతే. గుడ్డుతో మాత్రం వద్దు. ఉడికిన గుడ్డు తెల్లసొన గడ్డకట్టి కరిగాక రబ్బరులా సాగుతుంది. గుడ్లు ఆదివారం పొద్దునే ఉడకబెట్టండి, ఆరు చాలు.