పట్టా కట్టే ముందు తాడు సంగతి

చి. కావ్యకు,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

సంక్రాంతి సెలవుల్లో నీ స్నేహితులతో పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి టెంటు వేసుకుంటారని మీ నాన్న చెప్పాడు. టెంటు కొన్నావు, పైన కప్పడానికి పట్టా కూడా కొన్నావు. తాడు సంగతి అడిగితే మాత్రం "అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే" అన్నావట. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీల లోడుకు పట్టా కట్టి రాత్రుళ్ళు వానలో లారీ నడిపినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను. కొండ మీద రాత్రి ఉండనిస్తున్నారో లేదో ముందే పాడేరులో కనుక్కో. ఆ తరవాత ఇది చదువు.

కొట్లో అమ్మే నీలం ప్లాస్టిక్ తాడు కొనకు. చవకే గానీ బిరుసుగా, నున్నగా ఉంటుంది. ముడి నిలవదు, ఎండకు పెళుసెక్కి పీచులు రాలిపోతుంది. అల్లిన పాలియెస్టర్ తాడు తీసుకో. టెంటు మూలలకు 4 మిల్లీమీటర్లది చాలు, చెట్టుకూ చెట్టుకూ మధ్య లాగడానికి 6 మిల్లీమీటర్లది. నైలాన్ గట్టిదే, కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం వీణ తీగలా బిగించినది తెల్లారేసరికి మంచుకు తడిసి వేలాడుతుంటుంది. నూలు తాడు ఇందుకు ఎదురు, తడిస్తే బిగుసుకుని మేకుల్నే పీకేస్తుంది. కోసిన ప్రతి కొసనీ లైటరుతో కాస్త కరిగించు, పోగులు విడిపోవు.

ఇక ముడులు. ఫోన్‌లో నలభై రకాలు చూపిస్తారు, చూడకు. నీకు మూడు చాలు. ముడి పట్టి ఉంటే సరిపోదమ్మా, చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో విప్పగలగాలి కూడా. పీటముడి ఎవరైనా వేస్తారు, పొద్దున్నే దాన్ని కత్తితో కోసుకుంటూ కూర్చుంటారు.

మొదటిది జారని ఉచ్చు, బోలైన్ అంటారు. తాడు పొడుగు భాగం మీద చిన్న చుట్ట వెయ్యి, కొస వైపు తాడు పైన పడేలా. కొసను చుట్టలోకి కింద నుంచి పైకి తియ్యి, పొడుగు తాడు వెనక నుంచి తిప్పు, మళ్ళీ అదే చుట్టలోంచి కిందికి దించి లాగు. కొస బెత్తెడైనా మిగలాలి. కొత్త తాడు నున్నగా ఉంటే గాలికి కొట్టుకుని వదులవుతుంది, అందుకని ఆ కొసతో పక్కనే ఇంకో చుట్టు వేసి బిగించు. పట్టా రింగులకు, చెట్టు మొదటికి ఇదే. ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోదు, బరువు తీసేస్తే సులువుగా ఊడుతుంది. బరువు మీద ఉన్నప్పుడు మాత్రం విప్పలేవు, అది గుర్తుంచుకో.

రెండోది మేకు దగ్గర వేసేది, టాట్‌లైన్ హిచ్. తాడును మేకు చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి, పొడుగు తాడుకు మేకు వైపు లోపలగా రెండు చుట్లు, ఆ చుట్లకు అవతల, టెంటు వైపు, అదే దిక్కులో ఒక చుట్టు వేసి కొస దూర్చి బిగించాలి. తాడు నున్ననిదైతే లోపల మూడు చుట్లు వెయ్యి. ముడిని చేత్తో పట్టుకుని జరిపితే జరుగుతుంది, తాడు లాగితే అక్కడే పట్టేస్తుంది. రాత్రి తాడు సాగినా విప్పక్కర్లేదు, ముడిని టెంటు వైపు జరిపితే మళ్ళీ బిగువొస్తుంది. టెంటుతో వచ్చే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు చేసేదీ ఈ పనే, కానీ అవి విరుగుతాయి, పోతాయి.

మూడోది మా లారీవాళ్ళది, ట్రక్కర్స్ హిచ్. రెండు చెట్ల మధ్య దూలంలా తాడు లాగి పట్టాను దాని మీద వేస్తారు కదా, ఆ తాడు వేలాడిందంటే మిగతాదంతా వేలాడినట్టే. ఒక చెట్టుకు బోలైన్ వెయ్యి. రెండో చెట్టుకు కాస్త ముందు, తాడు మధ్యలోనే జారుముడితో చిన్న ఉచ్చు చెయ్యి. మిగిలిన తాడును చెట్టు చుట్టూ తిప్పి, ఆ ఉచ్చులోంచి తీసి వెనక్కి లాగు. లెక్క ప్రకారం నీ బలం మూడింతలవ్వాలి. రాపిడికి చాలా పోతుంది, అయినా ఒట్టి చేత్తో లాగిన దానికంటే బాగా బిగుస్తుంది. ఉచ్చు దగ్గర వేళ్ళతో నొక్కి పట్టుకుని రెండు చుట్లు వేసి ముడి పెట్టు, ఆఖరి చుట్టును బూటు లేసులా మడతతో వదిలితే ఒక్క లాగుకు ఊడుతుంది. చాలామంది తప్పేది ఉచ్చు దగ్గరే. మొదటి చెట్టు వైపు తాడు లాగి చూడు, ఉచ్చు చిన్నదైపోతోందంటే తిరగేసి వేశావు. విప్పి, ఖాళీ కొస వైపు తాడుతో మడత తియ్యి.

అక్కడ నేల రాయి, మేకు దిగకపోవచ్చు. వంకర మేకుతో పోట్లాడకు. తాడును చిన్న రాయికి గానీ బొటనవేలంత కర్రముక్కకు గానీ కట్టి, దానికి ఆనుకునేలా టెంటు వైపు తాడు మీద పెద్ద బండ పెట్టు. గాలి లాగినకొద్దీ చిన్నది పెద్దదానికి తన్నుకుంటుంది. నేల మెత్తగా ఉన్నచోట మేకు తల టెంటుకు దూరంగా వాలేలా దించు. తాడు పొడుగ్గా, ఏటవాలుగా ఉండాలి, నిటారుగా కాదు. పట్టా రింగు ఊడిపోతే నున్నని గులకరాయిని గుడ్డలో పెట్టి మూటలా చేసి, దాని మెడకు తాడు కట్టు. రింగు కంటే అదే గట్టిగా ఉంటుంది.

వాన వచ్చే సూచన ఉంటే పట్టాను సమంగా కట్టకు. చదరపు మీటరు మేర 10 సెంటీమీటర్ల నీళ్ళు నిలిస్తే 100 కిలోలు, ముడి ఆగినా పట్టా, మేకులు ఆ బరువుకు ఆగడం కష్టం. ఒక మూల దించి నీళ్ళకు దారి ఇవ్వు. చెట్టు నుంచి తాడు మీదుగా పాకి వచ్చే నీరు పట్టా కిందికి చేరకుండా, పట్టాకు జానెడు ముందే ఆ తాడుకు గుడ్డపీలిక కట్టు, నీళ్ళు అక్కడే కారిపోతాయి. మేకు తాళ్ళకు కూడా తెల్ల పీలికలు కట్టండి, రాత్రి ఎవరో ఒకరు తన్నుకుని పడతారు.

బయల్దేరే ముందు ఒక ఆదివారం ఇంటికి రా, తాడు తెచ్చుకో. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య పాత పట్టాతో కట్టి చూద్దాం. ముందు వెలుతుర్లో, తరవాత కళ్ళు మూసుకుని. మీ పెద్దమ్మ నిన్ను భోజనానికి ఉండమంటోంది.

ఇట్లు,
పెదనాన్న